లండన్ బీరు తిరనాళ్ళలో మూడు గ్లాసులు

లండన్ నగరానికి పడమటి వైపు, కెన్సింగ్టన్ పేటలో ఒలింపియా అని ఒక పెద్ద హాలు వుంది. ఇనుప దూలాల మీద అద్దాల కప్పు వేసి 1886లో తెరిచారు. రైలు దిగి నాలుగడుగులు వేస్తే వాకిలి. మేము వెళ్ళిన రోజున, అంటే 2019 ఆగస్టు 8వ తేదీ గురువారం నాడు, ఆ హాలు నిండా పీపాలే. మెట్లు మెట్లుగా కట్టిన చట్రాల మీద పీపాలను వరుసగా పడుకోబెట్టి, ఎండ వేడికి లోపలి సరుకు పాడవకుండా చల్లని దుప్పట్లు కప్పారు. ప్రతి పీపా దగ్గరా ఒక చీటీ. దాని మీద బీరు పేరు, అది పుట్టిన వూరు, అందులోని ఆల్కహాలు పాళ్ళు. మన వైపు సంతలో మిరపకాయల బస్తాల మీద రకమూ ధరా రాసి గుచ్చినట్టుంది.

దీనిని గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్ అంటారు. నేను బీరు తిరనాళ్ళు అంటాను. అయిదు రోజులు జరుగుతుంది. పీపాల బీర్లూ, సీసాల బీర్లూ, ఆపిల్ పండ్ల రసం పులియబెట్టిన సైడర్లూ కలిపి వెయ్యికి తక్కువ లేవు. చేతిలో పెట్టిన పుస్తకం మన పంచాంగమంత వుంది.

వెయ్యి రకాలు వుంటే మనిషి ఎన్ని రుచి చూడగలడు? నాకు మూడు గ్లాసులకు అనుమతి వుంది. అనుమతి ఇచ్చినది మా ఆవిడ.

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా ఆవిడ పుట్టింట్లో తాగుడు అనే మాట పైకి అనరు. ఆమె పెద్దన్నయ్య 1991లో ముప్ఫై ఎనిమిదేళ్ళకే పోయాడు. కాలేయం చెడిందని డాక్టర్లు అన్నారు. ఎందువల్ల చెడిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మరుసటి ఏడే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారనీ, ఆ ఉద్యమం జిల్లాలు దాటి పాకిందనీ పత్రికల్లో వస్తుంటే, మా ఆవిడ ఆ వార్తలు కత్తిరించి దాచుకునేది. 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చిన రోజున దేవుడికి దీపం పెట్టి, “నాలుగేళ్ళ ముందు రాకూడదూ” అని ఒక్కమాట అంది. ఆ నిషేధం రెండేళ్ళకే సడలిపోయిందని మీకు తెలుసు.

పెద్దన్నయ్య పోయిన నాటికి ఆఖరి తమ్ముడు పద్నాలుగేళ్ళవాడు. వాడే ఇప్పుడు హారోలో ఇల్లు కొనుక్కుని వున్న మా చిన్న బావమరిది. వాడి ఇంట్లో అలమరా తెరిస్తే రకరకాల బీరు గ్లాసులు, గోడకు ఒక సంఘం సభ్యత్వపు కార్డు, పైగా ఏడాదికి ఒకసారి సెలవు పెట్టి బీరు తిరనాళ్ళలో కూలీ నాలీ లేకుండా పీపాల దగ్గర పనిచేస్తాడని వాడి భార్య నవ్వుతూ చెప్పింది. మా ఆవిడ నవ్వలేదు. రాత్రి పడుకునే ముందు, “ఏమండీ, వీడు కూడా అదే దారి పట్టాడేమో చూడాలి. నేనూ వస్తాను” అంది.

బావమరిది ఎగిరి గంతేశాడు. “రా అక్కా, నువ్వే చూద్దువుగాని. బావకు కూడా రుచి చూపిస్తాను.”

“మీ బావకు మూడు గ్లాసులు. అన్నిటికన్నా చిన్నవి. నీకూ అంతే” అని షరతు పెట్టింది. వాడు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఇంత త్వరగా ఒప్పుకున్నాడేమిటా అని నేను ఆశ్చర్యపడ్డాను గాని, అక్కడికి వెళ్ళాక తెలిసింది, తెలిసినవాళ్ళకు మూడు గ్లాసులంటే ఒక మధ్యాహ్నానికి సరిపడా పని.

ముందు ఆ పీపాల సంగతి. మనం సీసాలో చూసే బీరు వడగట్టి, వేడిచేసి, గ్యాసు ఎక్కించి మూత బిగించినది. అందులో ప్రాణం లేదు. ఈ పీపాలలోది అలా కాదు. బ్రూవరీలో ఒకసారి పులిసిన తర్వాత, ఈస్టు ఇంకా బతికి వుండగానే పీపాకు పట్టిస్తారు. అది పీపాలో కూర్చుని మళ్ళీ నెమ్మదిగా పులుస్తుంది. ఆ పులుపులో పుట్టిన నురగే దాని నురగ. బయటినుంచి గ్యాసు ఎక్కించరు. పన్నెండు పదమూడు డిగ్రీల చల్లదనంలో, అంటే మన కుండనీళ్ళకన్నా కాస్త చల్లగా, తాగుతారు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులిసి పాడవుతుంది.

మా పశ్చిమగోదావరిలో పుట్టినవాడికి ఇది అర్థం కావడానికి కష్టపడనక్కరలేదు. తెల్లవారుజామున తాడిచెట్టు దిగిన కుండలోని కల్లు పొద్దెక్కేసరికి ఒక రుచి, సాయంత్రానికి ఇంకొక రుచి. దానిని సీసాలో పోసి ఏడాది దాచి అమ్ముదామంటే అది కల్లు కాదు. ఇంగ్లీషువాళ్ళ పీపా బీరు కూడా ఆ జాతిదే. తాగినా తాగకపోయినా, మా చిన్నప్పుడు మోకు, కత్తి నడుముకు కట్టి చెట్టెక్కే గీతవాళ్ళను చూసిన వాళ్ళం కనుక మాకు ఆ తేడా తెలుసు.

ఈ బతికిన బీరు ఇంగ్లాండులో ఒక దశలో చచ్చిపోబోయింది. 1960లు గడిచేసరికి పెద్ద పెద్ద కంపెనీలు చిన్న బ్రూవరీలను కొనేసి, దేశమంతటా ఒకే రుచి గల గ్యాసు బీరును ఉక్కు డబ్బాల్లో సరఫరా చేశాయి. పబ్బు నడిపేవాడికి అదే సుఖం. పాడవదు, పీపాను కనిపెట్టుకుని వుండనక్కరలేదు. 1971లో మైకేల్ హార్డ్‌మన్, గ్రాహమ్ లీస్, జిమ్ మాకిన్, బిల్ మెల్లర్ అనే నలుగురు కుర్రవాళ్ళు ఐర్లండుకు సెలవులకు వెళ్ళి, అక్కడ కూర్చుని దీని మీద ఒక సంఘం పెట్టాలనుకున్నారు. అదే ఇప్పుడు కామ్రా అని పిలిచే సంఘం. వినియోగదారులు తమ నోటి రుచి కోసం సంఘం పెట్టి, కంపెనీల చేత దారి మార్పించిన సందర్భాలు లోకంలో ఎక్కువ లేవు. 1975లో కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శన, 1977లో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మొదటి తిరనాళ్ళు. మా బావమరిది గోడకున్న కార్డు ఆ సంఘానిదే. “తాగుబోతుల సంఘం అనుకున్నాను” అంది మా ఆవిడ. “రుచిబోతులు అక్కా” అన్నాడు వాడు.

వాకిట్లో కొంత డబ్బు కట్టించుకుని ఒక గాజు గ్లాసు ఇచ్చారు. తిరిగి ఇచ్చేస్తే డబ్బు వాపసు. గ్లాసు మీద మూడు గీతలు. పై గీత పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. మధ్యది అర పైంటు. అన్నిటికన్నా కిందిది పైంటులో మూడోవంతు, దాదాపు 190 మిల్లీలీటర్లు. మన కాఫీ గ్లాసు కన్నా కాస్త ఎక్కువ. షరతు ప్రకారం మాది ఆ అడుగు గీతే.

ఇక ఏవి ఎంచుకోవడం? జనాన్ని గమనిస్తే మూడు రకాల వాళ్ళు కనిపించారు. వింత పేర్లకు ఆశపడేవాళ్ళు. ఘాటు ఎక్కడ ఎక్కువ వుంటే అక్కడికి పోయేవాళ్ళు. ఏ వరుస పొడుగ్గా వుంటే ఆ వరుసలో నిలబడేవాళ్ళు. ఆ ఏడు పొడుగాటి వరుస షేర్ డ్రాప్ అనే బీరు దగ్గర. డార్కింగ్ దగ్గర సర్రే హిల్స్ అనే బ్రూవరీ వారిది. ఆ వారంలోనే బ్రిటన్ మొత్తానికి ఉత్తమమైన బీరుగా దానికి బహుమతి ఇచ్చారు. మరి దాన్ని తాగవద్దా అన్నాను.

“వద్దు బావా. బహుమతి వచ్చింది కనుక రేపటినుంచి అది ప్రతి పబ్బులోనూ దొరుకుతుంది. ఇక్కడ నిలబడితే మన మధ్యాహ్నం పోతుంది. ఇంకెక్కడా దొరకనిది తాగాలి” అన్నాడు. ఈ మాట నాకు నచ్చింది. తిరనాళ్ళకు వెళ్ళి ఇంటి పక్క అంగట్లో దొరికే జీళ్ళు కొనుక్కునేవాడు కూడా వుంటాడు గాని, వాడికి తిరనాళ్ళు ఎందుకు?

వాడి రెండో సూత్రం, పలచటి దానితో మొదలుపెట్టి చిక్కటి దానికి వెళ్ళడం. చేదు ఎక్కువైనదీ, మాడ్చిన గింజ వాసన గలదీ ముందు తాగితే నాలుక మొద్దుబారి తర్వాతివన్నీ నీళ్ళలా వుంటాయి. మన భోజనంలో ఆవకాయ తిని ఆ నోటితో పాయసం తాగితే ఎలా వుంటుంది? ఇదీ అంతే. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మంచినీళ్ళు, కాస్త రొట్టె.

ఇంతలో మా ఆవిడ పుస్తకం తిరగేస్తూ ఒక ప్రశ్న వేసింది. “ఇందులో మాంసం గానీ చేప గానీ ఏమీ కలపరు గదా?” బార్లీ గింజలు, నీళ్ళు, హాప్స్ అనే పువ్వు, ఈస్టు — చేప ఎక్కడ నుంచి వస్తుందని నేను నవ్వబోయాను. బావమరిది మాత్రం నవ్వలేదు. “వుంటుంది అక్కా” అన్నాడు.

చిన్నప్పుడు గోదావరి వరద నీళ్ళు బురదగా వస్తే, చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవాళ్ళం. కాసేపటికి మట్టి అడుగుకు దిగి పైన తేట నీళ్ళు నిలిచేవి. ఇండుపగింజ అని కూడా అంటారు. పీపా బీరులో కూడా ఈస్టు తేలుతూ మబ్బుగా వుంటుంది. దాన్ని అడుగుకు దించడానికి ఇంగ్లీషువాళ్ళు వాడే చిల్లగింజ, చేప పొట్టలో వుండే గాలితిత్తి! దాన్ని ఎండబెట్టి, కరగబెట్టి జిగురు చేసి కాస్త పీపాలో పోస్తారు. ఈస్టు ఆ జిగురుకు పట్టుకుని అడుగుకు పోతుంది. పైన తాగే బీరులో దాదాపు ఏమీ మిగలదు. కాని తగిలిందన్న మాట వాస్తవం. మొదట్లో రష్యా వైపు స్టర్జన్ చేపది వాడేవారట, తర్వాత ఉష్ణదేశాల చేపలవి వచ్చాయి. ఇది వినగానే నాకు మన కాకినాడ, అంతర్వేది తీరం జ్ఞాపకం వచ్చింది. అక్కడ జాలరి వలలో ఒక పెద్ద కచిడి చేప పడితే చాలు, లక్షల్లో పలికిందని పత్రికల్లో ఫొటో పడుతుంది. ఆ ధర మాంసానికి కాదు, దాని గాలితిత్తికి. మందుల తయారీకీ, మద్యాలను తేటపరచడానికీ పోతుందని రాస్తారు. ఎక్కడి ఉప్పాడ వల, ఎక్కడి లండన్ పీపా!

మాది చేప ముట్టని ఇల్లు. దానితో వెయ్యి రకాల లెక్క ఒక్కసారిగా చిక్కిపోయింది. కాని ఈ మధ్య చేప జిగురు వాడని బ్రూవరీలు పెరిగాయి. అవి బీరును మబ్బుగానే వదిలేస్తాయి, లేదా దానంతట అది తేరుకునేదాకా ఆగుతాయి. ప్రతి కౌంటరు దగ్గరా మా ఆవిడే అడగడం మొదలుపెట్టింది. “నో ఫిష్?” పీపాల వెనక నిలబడినవాళ్ళు ఎవరూ జీతగాళ్ళు కారు, అందరూ మా బావమరిది లాంటి ఉబలాటగాళ్ళే. విసుక్కోకుండా ఆమెకు కాగితాలు తీసి చూపించారు. ఒక తెల్లగడ్డపు ముసలాయన అయితే తన కౌంటరు వదిలి వచ్చి, చేప లేని పీపా ఎక్కడుందో వేలుపెట్టి చూపించి వెళ్ళాడు. బీరు కొనే ఇద్దరికన్నా కొనని ఆమెకే ఆ హాల్లో ఎక్కువ పరిచయాలయ్యాయి.

ఆ ముసలాయన చూపించిన పీపాలో వున్నది మైల్డ్. నా మొదటి గ్లాసు అది.

మైల్డ్ అంటే మెత్తటిది అని. ముదురు గోధుమరంగు, చేదు తక్కువ, ఆల్కహాలు నూటికి మూడు, మూడున్నర పాళ్ళు. గనుల్లో, ఇనుప కొలుముల దగ్గర పగలంతా చెమటోడ్చిన కూలివాళ్ళు దాహానికి తాగేదట. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇంగ్లాండు పబ్బుల్లో ఎక్కువగా అమ్ముడుపోయిన బీరు ఇదే. యుద్ధం తర్వాత కుర్రవాళ్ళకు ఇది తాతల తాగుడుగా కనిపించింది. గనులు మూతపడ్డాయి, కొలుములు ఆరాయి, వాటితోపాటు మైల్డ్ కూడా పబ్బుల్లోంచి జారిపోయింది. కామ్రా వాళ్ళు ప్రతి మే నెలా దీని పేరు మీద ప్రచారం చేస్తారు. 2000లో మూర్‌హౌస్ వారి బ్లాక్ క్యాట్, 2007లో హాబ్సన్స్ మైల్డ్, 2009లో రడ్‌గేట్ వారి రూబీ మైల్డ్ దేశం మొత్తం మీద మొదటి బహుమతి గెలిచాయి. బహుమతులు వచ్చినంత వేగంగా తాగేవాళ్ళు రాలేదు.

రుచి చెప్పమంటారా? బాగా వేగిన పేలాల వాసన, మాడీమాడని బెల్లం పాకం రుచి, చివర కొంచెం వగరు. గొంతులోకి సాఫీగా దిగిపోతుంది. గొప్ప చెప్పుకునే రుచి కాదు. పక్కవాళ్ళకు చూపించాలనిపించదు. కాని గ్లాసు అయిపోయాక అయ్యో అయిపోయిందే అనిపించింది.

“ఆ పీపాలో 72 పైంట్లు పడతాయి. శనివారం రాత్రి తిరనాళ్ళు ముగిసేలోగా ఖాళీ కావాలి. మిగిలితే పారబోయడమే. ఎంత మిగిలిందీ పుస్తకంలో రాస్తారు. మిగిలినదాన్ని మళ్ళీ ఏడు తెప్పించమని ఎవడు అడుగుతాడు? ఎంచుకోవడమంటే అది కూడా బావా” అన్నాడు బావమరిది. అంతవరకూ ఎంపిక అంటే నా నోటికి సంబంధించినదే అనుకుంటున్నాను. మా ఆవిడ వెనక్కి తిరిగి ఆ పీపాను మళ్ళీ ఒకసారి చూసింది.

రెండో గ్లాసు ఏదో నేనే చెప్పాను. ఇండియా పేరు పెట్టుకున్న బీరు వుండగా ఇండియావాడు దాటిపోతే బాగుంటుందా? ఇండియా పేల్ ఏల్ అంటారు, పొట్టి పేరు ఐ.పి.ఏ. పద్దెనిమిదో శతాబ్దం చివర లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ వుండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకు దగ్గర. ఓడ కెప్టెన్లు ఆయన దగ్గర అరువుకు బీరు పీపాలు ఎక్కించుకుని, ఆఫ్రికా కొన చుట్టి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి నాలుగైదు నెలలకు మన మద్రాసు, కలకత్తా రేవుల్లో దింపేవారు. ఆ ఎండకూ, ఆ కుదుపుకూ చెడిపోకుండా వుండటానికి హాప్స్ పువ్వు దట్టంగా వేసిన బీరు అది. ఓడ కడుపులో పీపా దొర్లీ దొర్లీ రుచి ముదిరేది. తర్వాత 1820లలో బర్టన్ వూరి ఆల్సప్ వంటివారు పోటీకి దిగి హాడ్జ్‌సన్‌ను వెనక్కి నెట్టారు. దీన్ని ఎండలో చెమటోడ్చే తెల్ల సిపాయిల బీరు అనుకునేరు. మామూలు సిపాయిలు తాగింది ఎక్కువగా నల్లటి పోర్టరు. ఈ బంగారు రంగుది దొరలదీ, కంపెనీ ఉద్యోగులదీ. ఆ మద్రాసు రాజధానిలోనే తర్వాత 1937లో రాజాజీ సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టారు. దొరల పీపాలు దిగిన నేల మీద ఆ పని జరిగిందంటే చరిత్రకు కూడా హాస్యం తెలుసుననుకోవాలి.

ఇప్పుడు ఐ.పి.ఏ. పేరుతో వచ్చేవి చాలా వరకు అమెరికా హాప్స్ వేసినవి. ముక్కు దగ్గర పెడితే మామిడిపండు, నారింజ తొక్క. అవి కుర్రవాళ్ళకు ప్రాణం. నేను ఇంగ్లీషు హాప్స్ వేసిన పాత పద్ధతిది, ఆరు పాళ్ళది, చేప లేనిది ఎంచుకున్నాను. అలాంటిది వెతకడానికి హాలు రెండుసార్లు చుట్టాం. చేదు! నాలుక చివర కాదు, మూలాన పట్టుకునే చేదు. మా ఆవిడ గ్లాసు అందుకుని వాసన మాత్రం చూసి, “కాకరకాయ ఉడుకుతున్నట్టుంది. దీనికి ఇంత దూరం రావాలా, చవితినాడు చేసిపెట్టేదాన్నిగా” అంది. అన్నదే గాని అంతసేపటికి మొదటిసారి నవ్వింది.

హాలు కూడా నవ్వుతూనే వుంది. గురువారం టోపీల రోజట. ఒకడి నెత్తి మీద ఓడ, ఇంకొకామె నెత్తి మీద గుమ్మడికాయ. ఎక్కడో ఒక గ్లాసు జారి భళ్ళున పగిలితే హాలు హాలంతా ఒక్కసారి “ఓహో” అని కేక వేస్తుంది. పగలగొట్టినవాడు వంగి దండం పెడతాడు. రెండో మూడో గంటలు గడిచాక కూడా పోట్లాట ఒక్కటి చూడలేదు, తూలేవాళ్ళను మాత్రం నలుగురైదుగురిని చూశాను. వాళ్ళను చూసినప్పుడల్లా మా ఆవిడ చేయి నా మోచేతి మీద బిగిసేది.

మా బావమరిది మా కన్నా ముందు వున్న కౌంటరు దగ్గర ఒక కొత్త రకం పోయించుకున్నాడు. ఒక గుక్క తాగి, కొంచెం నోట్లో తిప్పి, మొహం చిట్లించి, మిగతాది పక్కనున్న బకెట్లో ఒంపేశాడు. గ్లాసు కడుక్కుని నీళ్ళు తాగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకున్నాడు. వాడికిది మామూలు పని, మేము చూస్తున్నామని కూడా తెలియదు. మా ఆవిడ మాత్రం చాలాసేపు ఆ బకెట్టునే చూస్తూ నిలబడింది. తర్వాత నాతో నెమ్మదిగా, “అన్నయ్య ఒక్క చుక్క పారబోయడం నేను ఎప్పుడూ చూడలేదండీ” అంది. నేనేమీ అనలేదు.

మూడో గ్లాసు దగ్గర చిన్న తగవు వచ్చింది. బార్లీ వైన్ అని ఒక జాతి వుంది. పేరుకు వైన్ గాని బీరే. పది పాళ్ళ దాకా ఘాటు వుంటుంది, ఏడాదులు మాగేస్తారు. 2012లో కోనిస్టన్ వారి నంబర్ నైన్ అనే బార్లీ వైన్‌కు మొదటి బహుమతి కూడా వచ్చింది. ఆ జాతిది ఒకటి కనబడితే నాకు ఆశ పుట్టింది. ఎలాగూ ఇంకొక గ్లాసే కదా, మంచిదే తాగుదామని.

మా ఆవిడ పుస్తకం మూసి అడిగింది. “చిన్నా, మొదటిది ఎన్ని పాళ్ళు?” “మూడుంపావు అక్కా.” “ఇదో?” “పది.” ఆమె ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరు. క్షణంలో తేల్చింది. 190 మిల్లీలీటర్ల మైల్డ్‌లో అసలు ఆల్కహాలు ఆరు మిల్లీలీటర్లు. అదే గ్లాసెడు బార్లీ వైన్‌లో పందొమ్మిది. అంటే అది ఒక గ్లాసు కాదు, మూడు గ్లాసులు. ఈ దేశపు డాక్టర్లు పది మిల్లీలీటర్లను ఒక యూనిట్ అని లెక్కగట్టి, వారానికి పద్నాలుగు యూనిట్లు దాటవద్దని 2016 నుంచి ఆడా మగా అందరికీ చెబుతున్నారని బావమరిది అందించాడు. “గ్లాసులు లెక్కపెడితే మోసపోతామన్నమాట. పాళ్ళు లెక్కపెట్టాలి” అంది ఆమె, క్లాసులో చెప్పినట్టే. నాకు బార్లీ వైన్ దక్కలేదు. ఇప్పటికీ దాని రుచి తెలియదు.

దాని బదులు ఆమే ఒక పోర్టరు చూపించింది. అయిదు పాళ్ళది. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో రేవుల్లో, బజార్లలో మూటలు మోసే కూలీల పేరు మీద ఆ పేరు వచ్చింది. కారునలుపు. మాడ్చిన బార్లీ వల్ల మన ఫిల్టరు కాఫీ డికాక్షను వాసన. చక్కెర వెయ్యని కాఫీలో చిన్న చాక్లెట్టు ముక్క కరిగినట్టు వుంది. ఆఖరున తాగడానికి సరైనది. దాని తర్వాత ఇంకేదీ రుచించదు. పక్కన మిల్క్ స్టౌట్ అని ఇంకొక నల్లటిది వుంది. పాలలోని చక్కెర వేస్తారు. ఈస్టు దాన్ని తినలేదు గనుక తీపి అలాగే నిలిచిపోతుంది. మా ఆవిడ దానికి సుముఖంగానే కనిపించింది గాని, లెక్క అయిపోయింది.

గ్లాసులు తిరిగి ఇచ్చి డబ్బు తీసుకున్నాం. బావమరిది ఆ రాత్రికి తన వంతు పనికి అక్కడే వుండిపోయాడు. రైల్లో మా ఆవిడ వాడి గురించి మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. హారోలో దిగాక మాత్రం, “వాడికి రాత్రి అన్నం పొయ్యి మీద వేడిగా వుంచమని చెప్పాలి” అంది.

ఆ తిరనాళ్ళ సంగతి కూడా ఇక్కడ చెప్పేయాలి. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల జరగలేదు. 2022, 2023లలో మళ్ళీ ఒలింపియాలోనే జరిగింది. 2024లో లేదు. 2025 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌కు తరలించారు. ఖర్చులు రాలేదు, 2026లో జరపబోమని సంఘమే ప్రకటించింది. ఇప్పుడు చూడాలనుకునేవారు చిన్న వూళ్ళలో ఆ సంఘం శాఖలు జరిపే తిరనాళ్ళకు వెళ్ళాలి. పాఠశాల హాలులోనో, చర్చి పక్క గదిలోనో ముప్ఫై నలభై పీపాలతో సరిపెడతారు. ఎంచుకోవడం అక్కడ సులువు.

మేము వెళ్ళిన ఆ ఏడు, ఆఖరి రోజు శనివారం రాత్రి పొద్దుపోయాక బావమరిది ఫోను చేశాడు, సర్దుబాటు పనిలో వున్నాను, ఆలస్యమవుతుందని. మా ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని ముందు అడిగిన మాట వాడు అన్నం తిన్నాడా అని కాదు.

“ఆ మెత్తటిది, ముసలాయన చూపించిన పీపా, ఖాళీ అయిందా?”

మధ్యాహ్నం నాలుగు గంటలకే అయిపోయిందట.